మిషన్‌లో మిషన్, దానికో గడియారం: వర్చువల్ మిషన్లలో సమయం సరిగ్గా ఉంచుకోవడం ఎలా?

సభ్యత్వ రిజిస్టరు, చందాల లెక్కలు, పిల్లల దరఖాస్తులు, ఎన్నికల నామినేషన్లు – ఇప్పుడు మన తెలుగు సంఘాల పనులన్నీ మెల్లగా కంప్యూటర్ మీదికి చేరుతున్నాయి. హోసూరు అయినా, బళ్ళారి అయినా, షోలాపూర్, బరంపురం, యానాం అయినా ఇదే వరస. కాగితం రోజుల్లో దరఖాస్తు అందిన వేళను గుమాస్తా స్వయంగా గోడ గడియారం చూసి రాసేవాడు. ఇప్పుడు ఆ పని సర్వర్ చేస్తోంది. ఆ సర్వర్ చాలాచోట్ల అసలు కంప్యూటర్ కాదు, కంప్యూటర్‌లో నడిచే మరో కంప్యూటర్. దాన్నే వర్చువల్ మిషన్ అంటారు. దాని గడియారం ఎలా తప్పుతుందో, ఎలా సరిచేసుకోవాలో మేము ఒక చేదు అనుభవం తర్వాత నేర్చుకున్నాం. మిగతా సంఘాలకు పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

మా సంఘంలో జరిగింది

తెలుగు ఒక పాఠంగా తీసుకుని పదో తరగతి పూర్తి చేసిన ఇరవై మంది పిల్లలకు మా సంఘం ఏటా పుస్తకాల సాయం ఇస్తుంది. అర్హులు ఎక్కువైతే ముందు అందిన దరఖాస్తుదే హక్కు. పోయిన ఏడాది చివరి రోజు సాయంత్రానికి పంతొమ్మిది స్థానాలు నిండాయి. మిగిలిన ఒక్క స్థానానికి ఇద్దరు పోటీ పడ్డారు. ఒకరు బస్టాండులో పూలమ్ముకునే ఆయన కూతురు, మరొకరు మా కార్యవర్గ సభ్యుడి మనవడు. సర్వర్ ఇచ్చిన జాబితాలో మనవడి దరఖాస్తు 4:48కి, ఆ పాప దరఖాస్తు 4:52కి అందినట్టు ఉంది. మేము జాబితాను నమ్మి బోర్డు మీద అంటించేశాం.

మర్నాడు పాప తండ్రి ఆఫీసుకు వచ్చారు. "అన్నా, మా పాపది ముందే పోయింది. మెసేజ్ చూడండి" అని ఫోన్ చేతిలో పెట్టారు. దరఖాస్తు అందిందని మా సర్వర్ నుంచే వెళ్లిన మెసేజ్ అది. ఫోన్‌లో చేరిన వేళ 4:43. ఊళ్లో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. ముప్పై ఏళ్ళకు పైగా సంఘం పేరు మీద మచ్చ లేదు. అటువంటిది కమిటీవాళ్ళు సొంత మనిషికి ఇచ్చుకున్నారనే మాట పడాల్సి వచ్చింది.

మా కోశాధికారి గారి అబ్బాయి బెంగళూరులో సర్వర్ల పని చేస్తాడు. రాత్రి కూర్చుని చూసి, "బాబాయ్, ఎవరూ ఏమీ మార్చలేదు. మన సర్వర్ గడియారమే ముందుకు దూకి, మళ్ళీ వెనక్కి వచ్చింది" అన్నాడు. చివరి రోజు కదా అని మేమే జాగ్రత్తపడి సాయంత్రం నాలుగున్నరకు బ్యాకప్ తీయించాం. బ్యాకప్ కోసం వర్చువల్ మిషన్‌ను ఒక్క క్షణం ఆపి లేపారు. లేవగానే అది అసలు మిషన్ గడియారాన్ని చూసి తన గడియారం దిద్దుకుంది. ఆ అసలు మిషన్ 9 నిమిషాలు ముందు నడుస్తోంది. దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ సరిచూడలేదు. పావుగంట తర్వాత లోపలి మిషన్‌లో ఉన్న సమయం సరిచేసే ప్రోగ్రాము తేడా పసిగట్టి, గడియారాన్ని 9 నిమిషాలు వెనక్కి తిప్పింది. నిజంగా 4:43కి వచ్చిన పాప దరఖాస్తు మీద 4:52 పడింది. గడియారం దిద్దుకున్నాక 4:48కి వచ్చిన అబ్బాయి దరఖాస్తు మీద సరైన 4:48 పడింది.

మమ్మల్ని గట్టెక్కించింది వరుస నంబరు. డేటాబేస్‌లో ప్రతి దరఖాస్తుకూ ఒక నంబరు దానంతటదే పడుతుంది. పాపది 57, అబ్బాయిది 59. ఆఫీసుల్లో ఇన్‌వర్డ్ రిజిస్టరు రాసినవాళ్ళకు ఇది కొత్త కాదు. తేదీ తప్పు పడవచ్చు గాని, వరుస నంబరు వెనక్కి పోదు. సమావేశం పిలిచి, తప్పు ఒప్పుకుని, మినిట్స్ పుస్తకంలో రాసి, స్థానం ఆ పాపకు ఇచ్చాం. మొదట చెయ్యెత్తింది ఆ కార్యవర్గ సభ్యుడే.

కంప్యూటర్ గడియారం ఎలా నడుస్తుంది?

ప్రతి కంప్యూటర్ బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీతో నడిచే చిన్న గడియారం ఒకటి ఉంటుంది. కరెంటు లేకపోయినా అది నడుస్తూనే ఉంటుంది. చేతి గడియారాల్లో ఉన్నట్టే అందులో సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్‌జ్ పలుకు ఉంటుంది. కంప్యూటర్ లేవగానే విండోస్ గాని, లినక్స్ గాని ఈ చిన్న గడియారం చూసి వేళ తెలుసుకుంటుంది. ఆ తర్వాత తన లెక్క తానే నడుపుకుంటుంది.

క్వార్ట్‌జ్ కూడా కచ్చితం కాదు. పది లక్షల్లో ఇరవై పాళ్ళ తేడా అంటే వినడానికి చిన్నదే. కాని అది రోజుకు దాదాపు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైమాట. ఎండ వేడికి, బ్యాటరీ వయసుకు ఇంకా మారుతుంది. ఎవరూ దిద్దకపోతే ఏళ్ల మీద నిమిషాలు పేరుకుంటాయి. మా అసలు మిషన్‌కు పట్టిన గతి అదే.

లెక్క నడపడానికి పాత పద్ధతి టిక్కులు లెక్కపెట్టడం. హార్డ్‌వేర్ సెకనుకు 100 సార్లో, 250 సార్లో, 1000 సార్లో గంట కొట్టినట్టు సంకేతం పంపుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి గంటకూ ఒక గీత గీసుకుంటుంది. కొత్త పద్ధతిలో గీతలు గీసే పని లేదు. ప్రాసెసర్‌లో ఆగకుండా తిరిగే మీటరు ఒకటి ఉంటుంది. కావలసినప్పుడు ఆ మీటరు చదివి వేళ కట్టుకుంటారు. కరెంటు మీటరు రీడింగు లాంటిదే.

వర్చువల్ మిషన్‌లో ఎక్కడ తప్పుతుంది?

ఒక ఆఫీసులో నాలుగు సెక్షన్లకు కలిపి ఒకే టైపిస్టు ఉన్నాడనుకోండి. ప్రతి సెక్షనూ ఆయన తమవాడే అనుకుంటుంది. నిజానికి ఆయన వంతులవారీగా తిరుగుతుంటాడు. వర్చువల్ మిషన్లూ అంతే. ఒకే అసలు కంప్యూటర్ మీద నాలుగైదు నడుస్తాయి. వాటి మధ్య ప్రాసెసర్‌ను పంచే పెత్తందారు ప్రోగ్రామును హైపర్‌వైజర్ అంటారు. లోపలి మిషన్‌కు తాను వంతులో ఉన్న సంగతి తెలియదు. ఇబ్బందులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

మొదటిది, టిక్కులు తప్పిపోవడం. తన వంతు కాని వేళ కొట్టిన గంటలు లోపలి మిషన్‌కు వినపడవు. హైపర్‌వైజర్ వాటిని కూడబెట్టి ఒక్కసారిగా ఇవ్వవచ్చు, కొన్ని వదిలేయవచ్చు. వదిలేస్తే గడియారం వెనకబడుతుంది. తప్పిన గంటలను లోపలి మిషన్ సొంతంగా కలుపుకుని, హైపర్‌వైజర్ కూడా మళ్ళీ ఇస్తే లెక్క రెండింతలై ముందుకు పోతుంది. టిక్కులు లెక్కించే పాత వ్యవస్థల్లో ఈ బాధ ఎక్కువ.

రెండోది, మీటరు మారడం. పాత ప్రాసెసర్లలో ఆ మీటరు వేగం, ప్రాసెసర్ వేగంతో పాటు ఎక్కి దిగేది. కొత్తవాటిలో స్థిరంగా ఉంటుంది. అయినా నడుస్తున్న వర్చువల్ మిషన్‌ను ఒక అసలు కంప్యూటర్ నుంచి వేరే వేగం ఉన్న మరో కంప్యూటర్ మీదికి తరలిస్తే, హైపర్‌వైజర్ ఆ తేడాను సర్దాల్సి ఉంటుంది.

మూడోది, నిద్ర. వర్చువల్ మిషన్‌ను మధ్యలో ఆపి ఉంచవచ్చు. ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసినట్టు స్నాప్‌షాట్ తీయవచ్చు. వారం తర్వాత ఆ స్నాప్‌షాట్‌కు తిరిగి వెళ్లవచ్చు. లేచిన మిషన్‌కు మాత్రం మధ్యలో వారం గడిచిందని తెలియదు. ఎవరో ఒకరు చెప్పాలి.

నాలుగోది, ఇద్దరు చెప్పడం. అసలు మిషన్ ఒక వేళ చెబుతుంది, ఇంటర్నెట్ మీది సమయ సర్వర్ ఇంకో వేళ చెబుతుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడి గతే లోపలి మిషన్‌కు పడుతుంది. మాకు జరిగింది ఇదే.

దిద్దుబాటు ఎలా జరుగుతుంది?

ఇంటర్నెట్ మీద సమయం సరిచూసుకునే పద్ధతి పేరు ఎన్‌టీపీ. అమెరికా ఆచార్యుడు డేవిడ్ మిల్స్ 1985లో దీన్ని రూపొందించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న నాలుగో వెర్షన్ ప్రమాణం 2010లో వచ్చింది. పద్ధతి ఉత్తర ప్రత్యుత్తరం లాంటిది. ఒక లెక్క చూద్దాం.

మన గడియారంలో 10:00:00కి సర్వర్‌కు ప్రశ్న పంపాం. సర్వర్ తన గడియారం ప్రకారం 10:00:06కి అందుకుని, 10:00:07కి జవాబు పంపింది. మన గడియారంలో 10:00:05కి జవాబు అందింది. పోయేటప్పుడు తేడా 6 సెకన్లు, వచ్చేటప్పుడు తేడా 2 సెకన్లు. రెండూ కలిపి సగం చేస్తే 4. అంటే మన గడియారం 4 సెకన్లు వెనకబడి ఉంది. దారిలో పట్టిన కాలం పోనూ 2, రానూ 2 సెకన్లు. నిజంగా ఇవి సెకన్లు కావు, సెకనులో వెయ్యో వంతుల్లో ఉంటాయి. లెక్క మాత్రం ఇదే. పోను రాను దారి ఒకేలా ఉంటేనే ఈ లెక్క సరిగ్గా వస్తుంది. అందుకే దగ్గరలోని సర్వర్‌ను, ఒకటికి మించి సర్వర్లను అడగడం మంచిది.

తేడా తెలిశాక దిద్దడానికి రెండు దారులున్నాయి. ఒకటి, నడక వేగం కాస్త పెంచడమో తగ్గించడమో చేసి మెల్లగా కలపడం. రెండోది, ముల్లు పట్టుకుని ఒక్కసారిగా తిప్పడం. మొదటి దారిలో గడియారం ఎప్పుడూ వెనక్కి పోదు, రికార్డుల వరుస చెడదు. కాని ఆలస్యం అవుతుంది. ఎన్‌టీపీడీ అనే పాత ప్రోగ్రాము మెల్లగా దిద్దేటప్పుడు పది లక్షల్లో 500 పాళ్ళకు మించి వేగం మార్చదు. ఒక్క సెకను కలపడానికి 2000 సెకన్లు కావాలి. మా 9 నిమిషాలు ఆ దారిన కలవాలంటే పన్నెండున్నర రోజులు పట్టేది. అందుకే తేడా సెకనులో 128 వెయ్యో వంతులు దాటి కొంతసేపు అలాగే నిలబడితే, అది ముల్లు తిప్పేస్తుంది. తేడా 1000 సెకన్లు దాటితే ఇక తనవల్ల కాదని మామూలుగా ఆగిపోతుంది. చాలా రోజులు నిద్రపోయి లేచిన వర్చువల్ మిషన్లలో గడియారం తప్పుగానే ఉండిపోవడానికి ఇదొక కారణం.

వర్చువల్ మిషన్లకు ఎక్కువమంది సూచించేది క్రోనీ అనే ప్రోగ్రామును. ఇది తేడాను త్వరగా పసిగడుతుంది, మామూలు అమరికలో ఒక సెకను తేడాను పన్నెండు సెకన్లలో కూడా కలపగలదు. అందులో మేక్‌స్టెప్ అనే అమరిక ఉంటుంది. మిషన్ లేచిన మొదటి రెండు మూడు సార్లు మాత్రమే ముల్లు తిప్పాలా, ఎప్పుడైనా తిప్పవచ్చా అని మనమే చెప్పవచ్చు. తరచూ ఆపి లేపే మిషన్‌కు ఎప్పుడైనా తిప్పనివ్వడం అవసరం. దరఖాస్తులు తీసుకునే మిషన్‌ను అసలు మధ్యలో ఆపకుండా ఉండడమే మేలు.

హైపర్‌వైజర్ చేసే సాయం

లోపలి మిషన్ టిక్కులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా, హైపర్‌వైజరే సమయం లెక్కను జ్ఞాపకశక్తిలో ఒక పుటలో రాసి పెట్టి చూపించే ఏర్పాటు ఉంది. కేవీఎం మీద దీన్ని కేవీఎం-క్లాక్ అంటారు. జెన్, హైపర్-వీ లకూ ఇలాంటివే సొంతంగా ఉన్నాయి. లినక్స్ అయితే కరెంట్ క్లాక్‌సోర్స్ అనే ఫైలు తెరిచి చూస్తే ఏది వాడుతోందో కనిపిస్తుంది.

ఇది గడియారం నడకను సరిగ్గా ఉంచుతుందే గాని, మొదట పెట్టిన వేళ తప్పయితే దిద్దదు. దానికి ఎన్‌టీపీ ఉండాల్సిందే. క్లౌడ్ కంపెనీలు తమ వర్చువల్ మిషన్లకు లోపలే సమయ సర్వర్ ఇస్తున్నాయి. అమెజాన్ 2017 నుంచి 169.254.169.123 అనే చిరునామాలో ఇస్తోంది. అద్దె సర్వర్ వాడే సంఘాలు ముందు తమ కంపెనీ ఇచ్చేదేమిటో కనుక్కోవాలి.

ఒక హెచ్చరిక. లోపలి మిషన్‌లో వేసే హైపర్‌వైజర్ సహాయక ప్రోగ్రాములు కొన్ని, నిర్ణీత సమయాల్లో అసలు మిషన్ వేళను లోపలికి నకలు చేస్తాయి. ఆ నకలును ఆపినా, నిద్ర లేచినప్పుడు, స్నాప్‌షాట్ తీసినప్పుడు మాత్రం చేసేవి ఉన్నాయి. వాటికి వేరే అమరిక ఉంటుంది. మేము మొదటిది ఆపి, రెండోది ఉన్నదని ఎరగక మోసపోయాం.

మన దేశపు సమయం ఎక్కడుంది?

ఒకప్పుడు దక్షిణాదిన మద్రాసు సమయమే సమయం. 1792లో ఈస్టిండియా కంపెనీ నెలకొల్పిన మద్రాసు నక్షత్రశాల నుంచి అది వచ్చేది. రైళ్ళు కూడా చాలాకాలం ఆ సమయంతోనే నడిచాయి. హోసూరు, బళ్ళారి, బరంపురం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక సమయం వచ్చింది. మద్రాసు సమయం కంటే అది దాదాపు 9 నిమిషాలు ముందుంటుంది.

ఈ సమయానికి ఆధారం తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీలు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గరగా వచ్చే ఆ గీత ఒడిశా మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి దిగుతుంది. యానాం వాళ్ళకు అది పక్కనే ఉన్నట్టు లెక్క. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున షోలాపూర్‌లో సూర్యుడు నడినెత్తికి రావడం దాదాపు 26 నిమిషాలు ఆలస్యం, హోసూరులో 19 నిమిషాలు ఆలస్యం, బరంపురంలో 9 నిమిషాలు ముందు. విజయవాడలో వేసిన పంచాంగం చూసి షోలాపూర్‌లో రాహుకాలం లెక్కించేటప్పుడు పెద్దలు సవరణ చేసేది ఇందుకే. ముహూర్తానికి అంత పట్టింపు ఉన్న మనం సర్వర్ గడియారాన్ని గాలికి వదిలేయడం న్యాయం కాదు.

దేశంలో ప్రామాణిక సమయాన్ని సీజియం అణు గడియారాలతో కాపాడేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. కంప్యూటర్లలో భద్రతా లోపాలను చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఒక ఆదేశం ఇచ్చింది. సేవలందించే సంస్థలు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ గడియారాలను ఈ ప్రయోగశాల సర్వర్లతో గాని, ఎన్‌ఐసీ సర్వర్లతో గాని, వాటికి అనుసంధానమైన సర్వర్లతో గాని కలిపి ఉంచాలన్నది అందులో ఒక అంశం. ఎన్‌ఐసీ సర్వర్ల పేర్లు సమయ్1.ఎన్‌ఐసీ.ఇన్, సమయ్2.ఎన్‌ఐసీ.ఇన్. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి.

అయిదున్నర గంటల తిరకాసు

మన దేశంలో ఎక్కువగా కనిపించే తప్పు ఇంకొకటి ఉంది. బోర్డు గడియారంలో ఉన్నది మన స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది. అది ప్రపంచ ప్రామాణిక సమయమని లినక్స్ మామూలుగా అనుకుని, దానికి 5:30 కలుపుతుంది. వర్చువల్ మిషన్ తయారు చేసేటప్పుడు లోపల వచ్చేది ఏదో హైపర్‌వైజర్‌కు సరిగ్గా చెప్పకపోతే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు అటో ఇటో పోతుంది. తేడా కచ్చితంగా 5:30 ఉంటే బ్యాటరీని, ఎన్‌టీపీని అనుమానించక్కర్లేదు. ఈ అమరికనే చూడాలి.

రికార్డులను ప్రపంచ ప్రామాణిక సమయంలో దాచి, తెరమీద చూపేటప్పుడు మాత్రమే మన సమయంలోకి మార్చడం మంచి పద్ధతి. దుబాయిలో, అమెరికాలో ఉన్న మన పిల్లలు దరఖాస్తు పంపినా అప్పుడు వరుస కలవదు అనే బాధ ఉండదు.

తప్పితే నష్టమేమిటి?

దరఖాస్తుల వరుస ఒక్కటే కాదు. ఫోన్‌లో ముప్పై సెకన్లకోసారి మారే ఆరంకెల భద్రతా కోడ్ సమయాన్ని బట్టే పుడుతుంది. సర్వర్ గడియారం నిమిషాలు తప్పితే సరైన కోడ్ కొట్టినా ఒప్పుకోదు. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి. ఆఫీసు నెట్‌వర్కుల్లో లాగిన్‌కు వాడే కెర్బెరోస్ పద్ధతి మామూలుగా 5 నిమిషాల తేడా వరకే సహిస్తుంది. దొంగతనంగా ఎవరైనా సర్వర్‌లో చొరబడితే, ఏది ముందు జరిగిందో తేల్చేది కూడా ఈ వేళలే.

మేము ఇప్పుడు పాటిస్తున్నవి

1. ముందు అసలు మిషన్ గడియారం సరిగ్గా ఉండాలి. దానికీ ఎన్‌టీపీ పెట్టాం. పునాది వంకరైతే పై అంతస్తు నిలువుగా ఉండదు.

2. లోపలి మిషన్‌కు సమయం చెప్పే పెద్ద ఒక్కరే. మేము క్రోనీని ఉంచి, అసలు మిషన్ నుంచి నకలు చేసే అమరికలన్నీ, స్నాప్‌షాట్ వేళ జరిగేది సహా, ఆపేశాం.

3. మూడు నాలుగు సమయ సర్వర్లు ఇచ్చాం. రెండే ఉండి రెండూ విభేదిస్తే ఎవరిది నిజమో తేలదు.

4. గడువు రోజున బ్యాకప్, స్నాప్‌షాట్, తరలింపు ఏవీ చేయం. గడువు ముగిశాకే.

5. ప్రతి సోమవారం ఉదయం ఒక సభ్యుడు క్రోనిక్ ట్రాకింగ్ అనే ఆదేశం ఇచ్చి, తేడా ఎంత ఉందో పుస్తకంలో రాసి సంతకం చేస్తారు. విండోస్ వాళ్ళు డబ్ల్యూ32టీఎమ్ ఆదేశంతో చూడవచ్చు.

6. ఎవరు ముందు అన్నది వరుస నంబరును బట్టే తేలుస్తాం. వేళ గడువుకు మాత్రమే సాక్షి. నంబరూ వేళా పొసగకపోతే జాబితా ప్రకటించకుండా ఆపి విచారిస్తాం.

7. దరఖాస్తుదారుకు వెళ్లే మెసేజ్‌లో వేళతో పాటు వరుస నంబరు కూడా పంపుతున్నాం. వాళ్ళ చేతిలో రసీదు ఉండాలి.

ఈ ఏడుకూ అయిన ఖర్చు ఏమీ లేదు, ఒక సాయంత్రం పట్టింది అంతే. మేము ఉద్యోగం చేసిన రోజుల్లో పదిగంటల పది నిమిషాలకు హాజరు పట్టీలో ఎర్రగీత పడేది. ఆ గీతకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు, ఎందుకంటే గోడ గడియారం అందరికీ కనిపించేది. ఇప్పటి గడియారం ఎవరికీ కనిపించదు. కాబట్టి దాన్ని చూసి చెప్పే బాధ్యత సంఘం నడిపేవాళ్ళదే. ఆ పాప ఇప్పుడు ఇంటర్ మొదటి ఏడాది చదువుతోంది. వాళ్ళ నాన్న ఫోన్‌లో మెసేజ్ చెరిపేసి ఉంటే మేము ఇప్పటికీ మా జాబితానే నిజమని నమ్ముతూ ఉండేవాళ్ళం. మీ సంఘం సర్వర్ మీద గడియారం ఎంత తేడాలో ఉందో ఈ ఆదివారం ఒకసారి చూసి, పుస్తకంలో రాసుకోండి.